ఇల్లెందు గుమ్మడి నర్సయ్య గారు ఎన్నడూ అధికారపక్షం కాదు కదా, మరి ఐదుసార్లు ఎలా గెలిచారు?

ఇల్లెందు మనవడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మ వాళ్లది ఇల్లెందు పక్క పల్లె. నేను చదువుకున్నదీ, ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నదీ హైదరాబాద్‌లోనే. ఊరికి పండగలకి వెళ్లి రావడమే తప్ప అక్కడి రాజకీయాలు పెద్దగా తెలియవు.

2025 ఫిబ్రవరిలో గుమ్మడి నర్సయ్య గారు ముఖ్యమంత్రి ఇంటి దగ్గర రోడ్డు మీద నిలబడి ఎదురుచూస్తున్న వీడియో అందరి ఫోన్లలో తిరిగింది గుర్తుందా? అప్పట్నుంచి మా ఇంట్లో ఆయన మాటొస్తే చాలు, వాదన మొదలు. అమ్మమ్మేమో ఆయన్ని దేవుడంటుంది. మా మామయ్యది ఇంకో లెక్క: "మంచోడే, ఎవరు కాదన్నారు? ఐదుసార్లు గెలిపించాం. రోడ్డేశాడా, కాలేజీ తెచ్చాడా? మంచోణ్ణి నెత్తిన పెట్టుకోవాలి గానీ అసెంబ్లీకి పంపితే ఏం లాభం?"

నేను చూసుకున్నంతలో ఆయన గెలిచినవి 1983, 1985, 1989, 1999, 2004. అందులో ఒక్కసారి కూడా ప్రభుత్వం ఆయన పార్టీది కాదు, అయ్యే అవకాశమూ లేదు. సీపీఐ (ఎంఎల్) మనిషి, అదీ మొదటిసారి గెలిచింది ఇండిపెండెంటుగా. మంత్రి పదవి లేదు, కాంట్రాక్టులిప్పించే శక్తి లేదు, ఖర్చు పెట్టే డబ్బు లేదు. సైకిల్ మీద, ఆర్టీసీ బస్సుల్లో తిరిగేవాడనీ, జీతం పార్టీకిచ్చేవాడనీ అందరూ చెప్పేదే. అది గొప్పే. కానీ సైకిల్ చూసి ఐదుసార్లు ఓటేస్తారా ఎవరైనా? అన్నేళ్లు అసెంబ్లీలో కూర్చుని అసలు ఏం చేసినట్టు? తెలిసినవాళ్లు చెప్పండి. పొగడ్తలు వద్దు, అవి వాట్సాప్‌లో సరిపడా ఉన్నాయి.

ఓట్ల లెక్క

ముందు గెలుపోటముల సంగతి చూద్దాం, అభిప్రాయాలు తర్వాత.

1983 అంటే ఎన్టీఆర్ గాలి. టీడీపీ గుర్తు మీద ఎవరు నిలబడ్డా గెలిచిన ఏడాది. ఆ గాలిలో ఇల్లెందు ఎస్టీ సీటులో ఒక కోయ ఇండిపెండెంటు గెలిచాడు. రెండేళ్లు దాటగానే 1985లో మళ్లీ ఎన్నికలు. ఈసారి ఎన్టీఆర్‌ని గద్దె దించి మళ్లీ ఎక్కించిన కోపం కూడా తోడై టీడీపీ గాలి ఇంకా బలంగా ఉంది. అయినా ఈయనే. 1989లో గాలి తిరగబడి కాంగ్రెస్ వచ్చింది. అప్పుడూ ఈయనే. అంటే రాష్ట్రం ఎటు ఊగినా ఇల్లెందు ఊగలేదు.

ఓడింది 1994లో, సీపీఐ నుంచి నిలబడ్డ ఊకె అబ్బయ్య చేతిలో. 1999లో, 2004లో మళ్లీ గెలిచి, 2009లో ఓడాడు. ఓడించింది మళ్లీ అబ్బయ్యే, ఈసారి టీడీపీ నుంచి. ఓడిన ఆ రెండు ఎన్నికల్లోనూ టీడీపీ, సీపీఐ, సీపీఎం ఒకే గట్టున ఉన్నాయి. 2009లోనైతే టీఆర్ఎస్ కూడా అటే, మహాకూటమి. నా ఉద్దేశం ఇదే: ఎర్ర ఓటు, పసుపు ఓటు కలిస్తే ఆయన ఓడిపోతాడు, విడిపోతే గెలుస్తాడు. దేవుడూ కాదు, సైకిలూ కాదు, ఓట్ల చీలిక.

బొగ్గుట్ట

కాలనీలో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి నేనూ ఒక మాట చెప్తా. అందరూ ఇల్లెందు అనగానే అడవి, గూడేలు అంటారు. సింగరేణి పుట్టిందే మా ఊళ్లో సామీ. దేశానికి బొగ్గిచ్చిన ఊరు. నా చిన్నప్పుడు షిఫ్టు వదిలే టైముకి బజారు జాతరలా ఉండేది. తర్వాత బొగ్గు బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, మా వాళ్లని మణుగూరుకీ భూపాలపల్లికీ బదిలీలు చేశారు, మిగిలింది ఓపెన్ కాస్టు దుమ్ము. ఊరు ఖాళీ అవుతుంటే మా ఎమ్మెల్యే ఏం ఆపగలిగాడు? ధర్నా చేశాడు. ధర్నాకి బాయి తెరుచుకుంటదా?

ఇంకోటి కూడా మాట్లాడుకోవాలి, ఎవరూ ఎత్తరు గానీ. ఆ రోజుల్లో ఆ పార్టీకి అడవిలో దళాలుండేవి. గూడేల్లో ఓట్లు ఎంత ప్రేమతో పడ్డాయో, ఎంత మొహమాటంతో పడ్డాయో నాకైతే తెలియదు.

మనిషి మీద నాకేం కోపం లేదు. మామయ్య మాటే నా మాట.

తపాల్ బాబాయ్

నేను రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. సర్వీసంతా పాత ఖమ్మం జిల్లా ఏజెన్సీ మండలాల్లోనే. ఏ ఆఫీసో చెప్పను, అవసరమూ లేదు. ఏ పార్టీ మనిషినీ కాను. ఓటు కూడా ఒక్కోసారి ఒక్కొక్కరికి వేశాను.

ఓట్ల లెక్క గారూ, మీ సిద్ధాంతం వినడానికి బాగుంది గానీ నిలబడదు. 1985లో సీపీఐ, సీపీఎం టీడీపీతోనే ఉన్నాయి. 1989లోనూ టీడీపీతోనే. ఎర్ర ఓటూ పసుపు ఓటూ కలిసిన ఆ రెండుసార్లూ నర్సయ్య గారు గెలిచారు. పొత్తు ఒక కారణం కావచ్చు, అదే కారణం కాదు.

బొగ్గుట్ట తమ్ముడూ, దళాల మాట నువ్వు ఎత్తావు కాబట్టి చెప్తున్నా. ఉండేవి, అబద్ధం కాదు. ఆ కాలంలో ఏజెన్సీలో ఉద్యోగం చేసిన మాకూ రెండు వైపుల నుంచీ భయం ఉండేది, అడవి వైపు నుంచీ, ఖాకీ వైపు నుంచీ. కానీ భయంతోనే ఓట్లు పడితే 1994లో ఎందుకు ఓడిపోతాడు? ఓడి, ఐదేళ్లు ఇంట్లో కూర్చుని, మళ్లీ 1999లో ఎందుకు గెలుస్తాడు? భయం ఒకసారి పోయాక తిరిగి రావడం కష్టం. నమ్మకమైతే ఒక్కోసారి అలిగి వెళ్లి తిరిగొస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. మనవడా, ఎమ్మెల్యే ఏం చేస్తాడన్నది అసెంబ్లీలో కన్నా తపాల్ సెక్షన్‌లో బాగా తెలుస్తుంది. నేను కూర్చున్న కుర్చీ అది.

పొద్దున పదిన్నరకల్లా టేబుల్ మీద దరఖాస్తుల కట్ట ఉంటుంది. ఇన్‌వర్డ్ రిజిస్టర్లో నంబరేస్తాం, తహసీల్దారు గారి ముందు పెడతాం. ఆయన మూలన "ఆర్ఐ విచారించి నివేదిక సమర్పించగలరు" అని రాసి పొట్టి సంతకం చేస్తారు. అది ఆర్ఐ, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, సంచిలోకి పోతుంది. నూటికి ఎనభై దరఖాస్తుల ప్రయాణం అక్కడితో సరి. దరఖాస్తుదారు వస్తాడు, "విచారణలో ఉంది" అంటాం. మళ్లీ వస్తాడు, సారు మీటింగ్‌కి పోయాడంటాం. తర్వాత రావడం మానేస్తాడు.

ఆ కట్టలోనే ఎమ్మెల్యే లెటర్లుంటాయి. అధికార పార్టీ వాళ్ల లెటర్‌హెడ్లు చూడాలి మీరు, బంగారు రంగు అక్షరాలు, మందపాటి కాగితం. కింద విషయం మాత్రం జిరాక్సు: "ఈ దరఖాస్తుదారుడు నాకు బాగా తెలిసిన వ్యక్తి, నిబంధనల మేరకు సహాయం చేయగలరు." పేరు రాసే చోట ఖాళీ. పీఏ నింపుతాడు. వాటిని చూసి మేం భయపడేవాళ్లం కాదు. నిజంగా పని కావాలంటే ఫోనొస్తుంది, అది మాకు తెలుసు. ఫోన్ వస్తే మధ్యాహ్నానికల్లా ఫైలు సిద్ధం. ఎందుకంటే మాట వినని తహసీల్దారుకి పదిహేను రోజుల్లో బదిలీ.

నర్సయ్య గారి లాంటి ఎమ్మెల్యేకి ఆ ఫోన్ లేదు. బదిలీ చేయించలేడు, ఆపించలేడు. ఉన్నది ఒక్కటే, తనే రావడం, లేదా మనిషిని కాగితంతో సహా పంపి మళ్లీ కనుక్కోవడం. అధికారులకి ఇదేం పెద్ద బెదిరింపులా అనిపించదు మొదట. రెండేళ్లయ్యాక అర్థమవుతుంది. తహసీల్దారు మారిపోతాడు, ఆర్డీవో మారిపోతాడు, కలెక్టరు సరేసరి. అందరికీ బదిలీ ఉంది, ఆయనకి లేదు. ఫైలు ఏ టేబుల్ దగ్గర ఆగిందో కొత్తగా వచ్చిన అధికారి కన్నా పాత ఎమ్మెల్యేకే ఎక్కువ తెలుస్తుంది. సీనియారిటీ అంటే నా దృష్టిలో ఇదే. టీవీలో కూర్చుని "ఐదుసార్లు గెలిచాను" అని చెప్పుకునేది కాదు.

ఒక ఉదాహరణ. మా దగ్గర 1/70 కేసులుంటాయి, ఏజెన్సీలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం: ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదని 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది, 1970లో దాన్ని గట్టిగా సవరించారు. ఆ సవరణనే 1/70 అంటారు. దాని కింద వేసేదాన్ని ఎల్టీఆర్, అంటే భూ బదలాయింపు రెగ్యులేషన్, కేసు అంటాం. స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టులో వేయాలి. అక్కడ గిరిజనుడికి అనుకూలంగా ఆర్డరొస్తే అవతలివాడు ఏజెంటు దగ్గరికి, అంటే కలెక్టరు దగ్గరికి, అప్పీలుకి పోతాడు. అక్కడ పాతబడి, పాతబడి, మళ్లీ విచారించమని కిందకి వస్తుంది. చివరికి గిరిజనుడు గెలుస్తాడు. గెలిచాక? భూమి స్వాధీనం చేయాల్సింది మేమే. ఆర్ఐ పోతాడు, పంచనామా రాస్తాడు, "స్వాధీనపరచడమైనది" అని ఇద్దరి చేత వేలిముద్రలు వేయిస్తాడు. మర్నాడు పొద్దున అదే పొలంలో పాత ఆసామే నాగలి కడతాడు. ఫైల్లో మాత్రం కేసు క్లోజు.

అలాంటి ముసలాయన ఒకాయన మా ఆఫీసుకి తిరిగేవాడు. యూరియా బస్తా లోపలుండే ప్లాస్టిక్ కవర్లో కాగితాలన్నీ చుట్టి, చంకలో పెట్టుకుని. చదువు రాదు. కానీ ఏ కాగితం ఏదో మడతని బట్టి చెప్పేవాడు, నాలుగు మడతలది ఆర్డరు, పొడుగ్గా మడిచింది పంచనామా. కొత్తగా వచ్చిన ఆఫీసరు ప్రతి ఒక్కరూ "మొదట్నించి చెప్పు" అనేవాళ్లు. ఆయన మొదట్నించి చెప్పేవాడు. ఈ లోపల అధికారికి జీపు టైమయ్యేది. అలాంటివాడికి కావాల్సింది రోడ్డు కాదు. ఆ మొదట్నించి కథని తన బదులు ఇంకొకడు, ఆఫీసరు కూర్చోమనక తప్పనివాడు, చెప్పడం కావాలి. గూడేల్లో ఓటు ఎందుకు పడిందో నాకు అక్కడ అర్థమైంది.

రెండోది తునికాకు, అంటే బీడీలు చుట్టే ఆకు. వేసవిలో ఆకు కోసి కట్ట కడతారు, కట్టకి యాభై ఆకులు. కల్లం దగ్గర కల్లేదారు ఒక కట్ట విప్పి లెక్కపెట్టి, రెండు ఆకులు చినిగాయని మొత్తం వరసని పక్కకి తోసేవాడు. వందకి ఇన్ని కట్టలు ఊరికే ఇవ్వాలనే ఆనవాయితీ ఒకటి. ఆ కట్ట రేటు పెంచాలని ఎనభైల్లో ఏజెన్సీ అంతటా సంఘాలు పోరాడాయి, ఆకు కోయం అని కూర్చున్నాయి. నర్సయ్య గారు ఎమ్మెల్యే అయింది ఆ ఉద్యమాల్లోంచే. వేసవిలో ఆ ఆకు డబ్బులతోనే వానాకాలం విత్తనాలు కొనుక్కునే ఇల్లు ఆ రేటుని మరిచిపోదు. మీ మామయ్యకి అది కనిపించదు, ఎందుకంటే దాని మీద శిలాఫలకం ఉండదు.

మీ మామయ్య మాటలో నిజమూ ఉంది, కాదనను. ప్రతిపక్ష ఎమ్మెల్యేకి నిధులు రాబట్టుకోవడం కష్టం. కాలేజీ, ఆసుపత్రి, పెద్ద రోడ్డు మంత్రి తలుచుకుంటే వచ్చేవి. అలా అని అధికార పార్టీని ఎన్నుకున్న చోటల్లా వచ్చాయా అంటే... ఇల్లెందునే చూడండి. 2014లో కాంగ్రెస్ గుర్తు మీద గెలిచినాయన టీఆర్ఎస్‌లోకి పోయాడు. 2018లో కాంగ్రెస్ గుర్తు మీద గెలిచినామె కూడా టీఆర్ఎస్‌లోకే పోయింది. ఇద్దరూ నియోజకవర్గ అభివృద్ధి కోసమే అన్నారు. ఆ అభివృద్ధి ఎంత జరిగిందో బొగ్గుట్ట తమ్ముడే చెప్పాలి.

బొగ్గుట్ట

బాబాయ్, దుమ్ము అట్లనే ఉంది. అది ఒప్పుకుంటా.

కానీ మీరు చెప్పిన ముసలాయనకి చివరికి భూమి దక్కిందా లేదా?

తపాల్ బాబాయ్

నేను బదిలీ అయ్యేటప్పటికి దక్కలేదు. తర్వాతి సంగతి నాకు తెలియదు. దక్కిందని రాసి మిమ్మల్ని సంతోషపెట్టను.

పాకాల చెరువు

మాది నర్సంపేట. మీ నర్సయ్య గారి గురించి మాట్లాడుకుంటూ మా ఓంకార్ గారిని మరిచిపోతే ఎలా? మద్దికాయల ఓంకార్, 1972 నుంచి 1989 ఎన్నికల దాకా వరసగా ఐదుసార్లు. అసెంబ్లీ టైగర్ అనేవాళ్లు. మొదట సీపీఎం, తర్వాత ఆ పార్టీతో పడక బయటికొచ్చి ఎంసీపీఐ పెట్టుకున్నారు. పార్టీ మారినా సీటు మారలేదు. నర్సంపేట ఓటు పార్టీకి కాదు, మనిషికి. 1994లో టీడీపీ రేవూరి ప్రకాశ్ రెడ్డి చేతిలో ఓడిపోయారు. గమనించారా, అదే ఏడాది, అదే ఎన్నిక. ఆయనా ఓడారు, నర్సయ్య గారూ ఓడారు. ఆ ఏడు ఎన్టీఆర్ అంత బలంగా తిరిగొచ్చారు.

నకిరేకల్‌లో నర్రా రాఘవరెడ్డి గారు ఆరుసార్లు, సీపీఎం. గొల్లసుద్దులు చెప్పే కళాకారుడు ఆయన, గొంతెత్తితే మీటింగ్ కదిలేది కాదు. ఆయన తర్వాత నకిరేకల్లో అదే పార్టీ నుంచి నోముల నర్సింహయ్య గెలిచారు. ఆ నోములే తర్వాత టీఆర్ఎస్‌లోకొచ్చి 2018లో నాగార్జునసాగర్‌లో జానారెడ్డి గారిని ఓడించారు. జానారెడ్డి గారు ఏడుసార్లు గెలిచిన మనిషి, ఏళ్ల తరబడి మంత్రి. అంటే పదవి ఉన్నా ఓడతారు, లేకున్నా గెలుస్తారు.

మహారాష్ట్రలో సాంగోలా అని ఒక సీటుంది, గణపత్‌రావ్ దేశ్‌ముఖ్ గారు పదకొండుసార్లు గెలిచారు, శేత్కరీ కామ్‌గార్ పక్షం నుంచి. చిన్న పార్టీ, ఎక్కువ కాలం ప్రతిపక్షమే. కాబట్టి ఇది మన దగ్గరే జరిగిన వింత కాదు.

ఓట్ల లెక్క

బాబాయ్ గారూ, 1985, 89 సంగతి ఒప్పుకుంటున్నా. అయితే 2009కి ఇంకో కారణం కూడా చూడాలి. అప్పటికి నియోజకవర్గాల పునర్విభజన జరిగి గీతలన్నీ మారాయి. ఇప్పుడున్న ఇల్లెందులో ఇల్లెందు, టేకులపల్లి, కామేపల్లి, గార్ల, బయ్యారం మండలాలున్నాయి. నర్సయ్య గారి సొంతూరు టేకులగూడెం సింగరేణి మండలం, అది వైరా కిందకి పోయింది. కొత్త ఓటర్ల దగ్గరికి మళ్లీ మొదట్నించి పోవాలంటే కష్టమే. 2016లో జిల్లాలు విడగొట్టాక ఈ ఒక్క సీటు మూడు జిల్లాల్లోకి చీలింది: ఇల్లెందు, టేకులపల్లి భద్రాద్రి కొత్తగూడెంలో, కామేపల్లి ఖమ్మంలో, గార్ల, బయ్యారం మహబూబాబాద్‌లో. ఇప్పుడు గెలిచినవాళ్లు ముగ్గురు కలెక్టర్ల చుట్టూ తిరగాలి. మీరు చెప్పిన ఆ "తనే రావడం" ఇప్పుడు ఎవరైనా చేయగలరా?

ఇల్లెందు మనవడు

అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. ముఖ్యంగా తపాల్ బాబాయ్ గారికి.

ఒక్కటి మిగిలింది. ఆఫీసుల చుట్టూ తిరగడం ఒక మంచి కార్యకర్త కూడా చేయగలడు కదా, దానికి ఎమ్మెల్యే ఎందుకు? ఉమ్మడి రాష్ట్రంలో 294 మంది సభ్యుల్లో ఒక్కడు. ఆయన లేచి మాట్లాడితే ఎవరు వింటారు? అసెంబ్లీలో ఉండటం వల్ల ప్రత్యేకంగా ఒరిగిందేమిటి?

తపాల్ బాబాయ్

మంచి ప్రశ్న. దీనికి కూడా ఆఫీసు వైపు నుంచే చెప్తాను, నాకు తెలిసింది అదే.

మాట్లాడే సమయం సంగతి నువ్వన్నట్టే. సభలో పార్టీ బలాన్ని బట్టి నిమిషాలు పంచుతారు. ఒక్క సభ్యుడున్న పార్టీకి బడ్జెట్ మీదైనా నాలుగు నిమిషాలు దొరికితే గొప్ప. మొదలుపెట్టి ఊపిరి తీసుకునేలోపే బెల్లు, తర్వాత మైకు కట్. టీవీలో చూసి జనం "మా ఎమ్మెల్యేకి మాట్లాడటం రాదు" అనుకుంటారు. అందుకే ఉపన్యాసం వైపు చూడొద్దు. ప్రశ్న వైపు చూడు.

శాసనసభ్యుడు రాతపూర్వకంగా ప్రశ్న వేసి, స్పీకర్ దాన్ని అనుమతిస్తే మంత్రి జవాబు చెప్పి తీరాలి. అక్కడ అధికారపక్షమా, ఒంటరివాడా అన్న తేడా లేదు. ఆ ప్రశ్న సచివాలయం నుంచి కలెక్టరేట్‌కి, అక్కడి నుంచి మా మండలాఫీసుకి దిగుతుంది. మా భాషలో దాన్ని ఎల్ఏక్యూ, అంటే లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్, అంటారు. ఎల్ఏక్యూ వచ్చిందంటే ఆ రోజు ఆఫీసులో టీ కూడా ఉండదు. "సాయంత్రం ఐదు గంటలలోపు ప్రత్యేక దూత ద్వారా పంపాలి" అని ఉంటుంది. అప్పుడు ఆర్ఐ సంచిలోంచి పాత దరఖాస్తులు బయటికొస్తాయి. బీరువా మీద దుమ్ము పట్టిన ఫైలు దిగుతుంది. ఎన్ని క్లెయిములొచ్చాయి, ఎన్ని తిరస్కరించారు, కారణమేంటి, అన్నీ పట్టిక గీసి ఇవ్వాలి. తప్పు లెక్కిస్తే సభలో మంత్రి పరువు పోతుంది, తర్వాత మా ఉద్యోగం సంగతి చూస్తారు.

జవాబులు ఎలా ఉంటాయో చెప్తే నవ్వుతావు. ప్రశ్నని అ, ఆ, ఇ అని విడగొడతారు. (అ) ఫలానా విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా? వచ్చింది. (ఆ) అయితే తీసుకున్న చర్యలేమిటి? పరిశీలనలో ఉంది. (ఇ) లేనట్లయితే కారణములు? ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు. మూడు ముక్కల్లో తేలిపోతుంది. పేపర్లో కూడా రాదు. కానీ ఆ మూడు ముక్కల కోసం కింద నలుగురు క్లర్కులు ఒక రోజంతా గూడెం గూడెం లెక్కలు తీసి ఉంటారు. ఆ లెక్క ఒకసారి ఫైల్లో కూర్చుంటే ఇక తర్వాత వచ్చినవాడెవడూ "అలాంటి దరఖాస్తే లేదు" అనలేడు. కార్యకర్త ఎంత మంచివాడైనా ఆ పని చేయించలేడు. ఎమ్మెల్యే ఒక్కడైనా చేయించగలడు.

పోడు భూముల్లో దీని విలువ తెలిసింది. అడవి నరికి సాగు చేసుకున్నారని ఫారెస్టు వాళ్లు కేసులు పెట్టడం, పంట దున్నేయడం ఎన్నో ఏళ్ల కథ. 2006లో కేంద్రం అటవీ హక్కుల చట్టం తెచ్చింది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుడికి, నాలుగు హెక్టార్ల దాకా, హక్కు పత్రం ఇవ్వాలి. చట్టం రాశారు సరే, 2005 నాటికి సాగులో ఉన్నట్టు సాక్ష్యమేది? గూడెంలో ఉన్నవాడి దగ్గర రసీదు ఉంటుందా, పహాణీ ఉంటుందా? ఫారెస్టు వాళ్లు గతంలో పెట్టిన కేసు కాగితం ఉంటే అదే సాక్ష్యం! నిన్నటిదాకా ఎవరికీ చూపించకుండా దాచుకున్న కేసు కాగితమే పట్టాకి ఆధారమైంది. గ్రామసభలో తీర్మానం, డివిజన్ కమిటీ, జిల్లా కమిటీ, ఈ మెట్లలో ఎక్కడో ఒకచోట క్లెయిము ఆగిపోయేది. పాత దరఖాస్తు నంబరు, పాత ఎల్ఏక్యూ పట్టిక, పాత ధర్నా నాడు ఇచ్చిన వినతిపత్రం మీద మా ఆఫీసు ముద్ర, ఇవి దొరికినవాడి క్లెయిము కాస్త ముందుకి కదిలేది. ఆ కాలంలో ఇల్లెందు ఎమ్మెల్యే నర్సయ్య గారే. ఇది ఆయనొక్కడే సాధించాడని నేననను. వామపక్షాలన్నీ, ఆదివాసీ సంఘాలన్నీ కొట్లాడితే వచ్చిన చట్టం. ఆ తర్వాత కూడా క్లెయిములు ఏళ్లకేళ్లు నానాయి. 2023 జూన్‌లో మళ్లీ పట్టాల పంపిణీ పెట్టుకోవాల్సి వచ్చిందంటేనే తెలుస్తుంది ఎంత మిగిలిపోయిందో.

ఓట్ల లెక్క గారి చివరి ప్రశ్న నన్నూ ఇబ్బంది పెట్టింది. నిజమే, ఇప్పుడది జరగదనే నా అభిప్రాయం. మూడు జిల్లాలే కాదు కారణం. అసలు తప్పు ఆ పార్టీ దగ్గర కూడా ఉంది. ఇన్నేళ్లూ ఒక్క మనిషి మీద నిలబడ్డారు. పార్టీ చీలికలు పేలికలైంది, ఆయన తర్వాత అలాంటి ఇంకొకణ్ణి తయారు చేసుకోలేదు. ఆయన ఓడిన రోజున ఫైళ్ల చరిత్రంతా ఆయనతో పాటే ఇంటికి పోయింది. దీర్ఘకాలం ఒకడే గెలిస్తే ఉండే ఇబ్బంది ఇది, గెలిచినవాడు ఎంత మంచివాడైనా.

బొగ్గుట్ట

ఎల్ఏక్యూ సంగతి నాకు నిజంగా తెలియదు బాబాయ్. బాయిల మూసివేత మీద కూడా అట్లాంటి ప్రశ్నలు వేసుంటారా?

తపాల్ బాబాయ్

అది సింగరేణి యాజమాన్యం నుంచి జవాబు రావాల్సినది, మా టేబుల్ మీదికి రాదు. కానీ వెతకొచ్చు. అసెంబ్లీ చర్చల సంపుటాలు అచ్చేసి ఉంచుతారు, అసెంబ్లీ లైబ్రరీలో ఉంటాయి. మనవడు హైదరాబాద్‌లోనే ఉన్నాడు కాబట్టి ఒక శనివారం ముందుగా కనుక్కుని వెళ్లమను. పోయాక ఉపన్యాసాల జోలికి పోవద్దు, టైం వృథా. ముందు 1999 తర్వాతవి తీసి ప్రశ్నోత్తరాలు చూడు. ప్రశ్న పక్కనే వేసిన సభ్యుల పేర్లుంటాయి, నర్సయ్య గారి పేరు ఉన్నవి నోట్ చేసుకో. చుక్క గుర్తు లేని ప్రశ్నలని మాత్రం వదలకు. అవి సభలో చదవరు, జవాబు అచ్చు కాగితంగానే పెడతారు, అందుకే ఎవరూ పట్టించుకోరు. గూడేల పేర్లు, ఎకరాల లెక్కలు ఎక్కువగా దొరికేది వాటిల్లోనే.